వీధి అరుగు: కలెక్టరు కాయల తగాదా

మామిడికాయల కాలంలో మా యింటి అరుగు మీదికి భారత రాజ్యాంగం చర్చకు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. రావడమే కాదు, తగాదా పడినవాళ్లు యిద్దరూ నాకు కావలసినవాళ్లే కావడంవల్ల, మధ్యన కూర్చుని మజ్జిగ అందించే ఉద్యోగం నాకు దక్కింది.

ముందు మనుషులను పరిచయం చేస్తాను. పేర్లెందుకు, వరసలు చాలు. మొదటివాడు మా బావమరిది. బంగారుపాళ్యం దగ్గర ఆరెకరాల మామిడితోట వుంది, ముప్పాతికభాగం తోతాపురి. రెండవవారు మా వియ్యంకులు. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో వారికి తొమ్మిదెకరాల తోట వుంది. అదీ ముప్పాతికభాగం తోతాపురే. కాగితాలమీద ఆయన కన్నడిగుడు, యింట్లో మాట్లాడేది తెలుగు. ఆ వైపు అలాంటి కుటుంబాలు కొల్లలు. మా అమ్మాయిని అక్కడికిచ్చినప్పుడు నాకు రాష్ట్రం దాటిస్తున్నానన్న ఆలోచనే రాలేదు. తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊరు పరాయి దేశమెలా అవుతుంది?

తోతాపురి అంటే తెలియని పాఠకులకు ఒక్క మాట. చిలకముక్కులా కొస వంగిన కాయ. దీనికి కలెక్టరు కాయ అని కూడా పేరుంది, బెంగళూరా అనీ అంటారు. పచ్చిగా వున్నప్పుడు ముక్కలు కోసి ఉప్పూకారం అద్దుకుని తింటే దీనికి సాటి లేదు. పండిన తర్వాత బంగినపల్లి పక్కన పెడితే మాత్రం, పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకులా చిన్నబోతుంది. అందుచేత దీని బతుకు యింట్లోకన్న ఫ్యాక్టరీలోనే ఎక్కువ. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు తీసే ఫ్యాక్టరీలు చాలా వున్నాయి. ఆ గుజ్జు గల్ఫ్ దేశాలకూ, యూరపుకూ పోతుంది. మనం సీసాల్లో కొనుక్కు తాగే మామిడి పానీయాలలోకీ పోతుంది. కాబట్టి తోతాపురి రైతు కాయను తట్టలో పెట్టుకుని సంతలో కూర్చుంటే పని జరగదు. ఫ్యాక్టరీ కొంటే అది పంట, కొనకపోతే అది ఎరువు.

2025లో కాపు విరగకాసింది. ఫ్యాక్టరీల దగ్గర వెనకటి సంవత్సరం గుజ్జే యింకా మిగిలివుంది. ధర జారిపోయింది. ఆంధ్ర ప్రభుత్వం కల్పించుకుని, కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలన్నది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ యివ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం యిస్తుంది. వినడానికి బాగానే వుంది. కానీ ఒక గట్టున ధర కడితే, ఆ పక్క గట్టు నీళ్లు అటే పారతాయి గదా! సరిహద్దు అవతల కోలారులోనూ, తమిళనాడులోనూ అదే కాయ, అదే కాలం, అంతకన్న తక్కువ ధర.

2025 జూన్ 7న చిత్తూరు జిల్లా కలెక్టరు ఉత్తర్వు వేశారు: యితర రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదు. రెవెన్యూ, పోలీసు, అటవీ, మార్కెటింగు శాఖలవాళ్లను జట్లు కట్టి సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర నిలబెట్టారు. కలెక్టరుగారు కలెక్టరు కాయను ఆపారన్నమాట. అందులోనూ బెంగళూరా అని పేరు పెట్టుకున్న పాపానికి, అది బెంగళూరు రోడ్డు మీదనే ఆగవలసి వచ్చింది.

జూన్ 11న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడికి ఉత్తరం రాశారు. ముందుగా ఒక మాట చెప్పకుండా యిలా చేయడం రాష్ట్రాల సహకారానికి విరుద్ధమనీ, ఉత్తర్వు ఎత్తివేయించమనీ అందులో కోరారు. మా రైతులు అలిగి మీ వైపునుంచి వచ్చే కూరగాయలను ఆపే ప్రమాదం వుందని కూడా సూచించారు. పత్రికల్లో ఈ వార్త వచ్చిన రెండు మూడు రోజులకే మా అరుగు మీద సమావేశం జరిగింది.

వియ్యంకులు మనవడితోసహా తిరుమల దర్శనానికి వచ్చి మా యింట్లో దిగారు. బావమరిది నా దగ్గర చేబదులు కోసం వచ్చాడు. కాయ కోసిన కూలీలకు డబ్బివ్వాలి, ఫ్యాక్టరీ డబ్బు చేతికి రాలేదు. ఇద్దరూ ఒకేరోజు వస్తారని తెలిస్తే నేను ఆ రోజు ఊళ్లో వుండేవాణ్ణి కాను.

కాఫీలయ్యేవరకు ఎవరూ మామిడికాయ మాట ఎత్తలేదు. మర్యాదస్తులు. చివరికి మనవడు ఎత్తాడు. "తాతా, మన లారీ ఎందుకు పోలేదు?" అని అడిగాడు. వియ్యంకుల కాయ కోతకొచ్చి వుంది. మండీవాడు ఉత్తర్వు సంగతి విని, నేను లారీ ఎక్కించను పొమ్మన్నాడట.

"మీకు కష్టంగానే ఉంటాది బావగారూ, కాదనను" అన్నాడు మా బావమరిది. "అయితే మా సర్కారు కిలోకు నాలుగు రూపాయలు వేసేది మా కోసరం. ఆ నాలుగు రూపాయల వాసన పట్టుకుని మీ కాయంతా ఇట్ల దిగబడితే, ఫ్యాక్టరీ గేటుకాడ నా ట్రాక్టరు ఎప్పటికి లోపలికి పోవాల? టోకెను చేతిలో పెట్టుకుని రెండు రాత్రిళ్లు ట్రాక్టరు కిందనే పండుకున్నా. పైనుండే కాయ పండిపోయి రసం నా మిందనే కారింది."

"అట్ల కాదప్పా" అన్నారు వియ్యంకులు. "మా నాయన కాలం నుంచి మా కాయ చిత్తూరికే వస్తా ఉంది. ఆ ఫ్యాక్టరీలు పెట్టింది ఒక్క చిత్తూరు కాయ నమ్ముకునా? కాయ తక్కువైన ఏడు మీ ఊరి ఏజెంట్లు మా తోటలకాడికొచ్చి అడ్వాన్సులిచ్చిపోయినారు. అప్పుడు మేము దగ్గరోళ్లం. కాయ జాస్తి అయిన ఏడు పరాయోళ్లమైతిమా?"

నేను మజ్జిగ కోసం లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి మా పక్కింటి ప్లీడరుగారు అరుగెక్కి వున్నారు. ప్రాక్టీసు మానేసి చాలాకాలమైంది గానీ, తగాదా వాసన వస్తే ఆయనను ఎవరూ పిలవనక్కరలేదు. "ఇద్దరూ న్యాయమే మాట్లాడారు. చట్టం ఒక్కటే ఎవరూ మాట్లాడలేదు" అని కూర్చున్నారు.

ఆయన చెప్పింది నాకర్థమైనంతవరకు యిది. దేశాల మధ్య స్వేచ్ఛా వర్తక ఒప్పందాలని పత్రికల్లో చదువుతుంటాం. మనకు యింట్లోనే అంతకన్న పెద్దది ఒకటి వుంది. రాజ్యాంగం అమలైననాటినుంచి, 301వ అధికరణం ప్రకారం, భారతదేశమంతటా వ్యాపారమూ రాకపోకలూ స్వేచ్ఛగా సాగాలి. ఈ ఊహ మనవాళ్లు ఆస్ట్రేలియా రాజ్యాంగం 92వ సెక్షను చూసి తెచ్చుకున్నది. రాష్ట్రానికి అడ్డుపెట్టే అధికారం బొత్తిగా లేకపోలేదు. 304వ అధికరణంలో వుంది. కానీ అందుకు ప్రజాప్రయోజనం కావాలి, ఆంక్ష సమంజసంగా వుండాలి, శాసనసభ చట్టం చేయాలి, ఆ బిల్లు సభలో పెట్టడానికి ముందే రాష్ట్రపతి అనుమతి తీసుకోవాలి.

"ఇక్కడ శాసనసభ ఏది? రాష్ట్రపతి ఏరి?" అని వేళ్లు మడిచి చూపించారు ప్లీడరుగారు.

వియ్యంకుల ముఖం విప్పారింది. ప్లీడరుగారికి ఎవరి ముఖమూ ఎక్కువసేపు విప్పారి వుండడం యిష్టం వుండదు. "మీరు మరీ సంతోషించకండి. 1967లో సుప్రీంకోర్టులో ఒక కేసు తీర్పయింది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అడవి సరుకు రవాణా చేయకూడదని ఒక రాష్ట్రం నిబంధన పెట్టింది. అది 301కి విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. ఆ రాష్ట్రం ఏదనుకున్నారు? మీ మైసూరే" అన్నారు. బావమరిది మొదటిసారి నవ్వాడు.

"అటువైపు వకీలు మాత్రం వట్టిచేతులతో వస్తాడా?" అని మళ్లీ ఆయనే అందుకున్నారు. ఇది నాలుగు వారాల సంగతి, శాశ్వత నిషేధం కాదు అంటాడు. ప్రభుత్వం ధర చెల్లిస్తున్నప్పుడు ఆ సొమ్ము ఎవరికి చేరాలో చూసుకునే హక్కు వుంది అంటాడు. రైతులు కాయలు రోడ్డుమీద పోస్తుంటే శాంతిభద్రతల మాటేమిటి అంటాడు. కోర్టు ఏమంటుందో, అది వాదన విన్న న్యాయమూర్తి చెప్పవలసిన మాట. ఒక్కటి మాత్రం ఆయన గట్టిగా అన్నారు. రాష్ట్రాల మధ్య భేదం చూపడానికి 303వ అధికరణం పార్లమెంటుకు ఒక మినహాయింపు యిచ్చింది, అది సరుకుకు కొరత వచ్చినప్పుడు. రాజ్యాంగం రాసినవాళ్ల కళ్లముందు కరువు వుంది. సరుకు ఎక్కువై రైతు చచ్చే రోజు వస్తుందన్న ఊహ వాళ్లకు రాలేదు.

ఈ మాట నన్ను పట్టుకుంది. ప్లీడరుగారి చిన్ననాట బియ్యానికే మండలాలుండేవి. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ కలిపి ఒక దక్షిణ మండలం చేశారు. తర్వాత రాష్ట్రానికొక మండలమైంది. అప్పుడు చెక్‌పోస్టు పని సరుకును బయటికి పోనీయకుండా కాపలా కాయడం. సంచి అడుగున బియ్యం పెట్టుకుని పైన బట్టలు సర్ది బస్సెక్కిన ముసలమ్మల కథలు మా జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2025లో చెక్‌పోస్టు పని సరుకును లోపలికి రానీయకపోవడం. చెక్‌పోస్టు అదే, మొహం మాత్రం రెండో వైపుకు తిరిగింది.

"సరే సామీ, ఈ మూడునూటొకటి అనేదాంట్లోనుంచి మా జిల్లా ఒక్క నెల బయటికి పోతే ఏమి?" అన్నాడు బావమరిది. "ఇంగ్లండోళ్లు యూరపులోనుంచి బయటికి పోలేదా? మా వాడు ఫోనులో చూపించినాడు."

"వాళ్లు పోగలిగారంటే అక్కడ తలుపు వుంది. ఒప్పందం రాసుకున్నవాళ్లు పోయే దారి కూడా రాసుకుంటారు. మనది ఒప్పందం కాదు నాయనా, రాజ్యాంగం. దీనికి పోయే తలుపు పెట్టలేదు" అన్నారు ప్లీడరుగారు.

ఆ తలుపు వున్నచోట కూడా పని సులువు కాదని తర్వాత చెప్పిన కథలవల్ల తెలిసింది. ఇంగ్లండులో 2016 జూన్ 23న ఓటు వేసి, యూరపు కూటమిలోంచి పోదామన్నారు. కూటమి ఒడంబడికలో 50వ అధికరణం కింద నోటీసు యివ్వాలి. యిచ్చాక రెండేళ్ల గడువు. ఇక్కడ మొదలైంది లిటిగేషను. నోటీసు నేనే యిస్తానన్నది ప్రభుత్వం. పార్లమెంటు చట్టం చేసి దేశాన్ని కూటమిలో చేర్చింది, ఆ చట్టంవల్ల జనానికి హక్కులు వచ్చాయి, వాటిని మంత్రి సంతకంతో తీసేయడానికి వీల్లేదని జీనా మిల్లర్ అనే ఆవిడ కోర్టుకెక్కింది. 2017 జనవరి 24న అక్కడి సుప్రీంకోర్టు ఎనిమిదిమంది ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఆమె మాటే నెగ్గించింది. పార్లమెంటు చట్టం చేయక తప్పలేదు. మార్చి 29న నోటీసు పోయింది. తర్వాత నోటీసు యిచ్చినవాళ్లు మనసు మార్చుకోవచ్చునా అని యింకో వ్యాజ్యం. మార్చుకోవచ్చు, అవతలివాళ్ల అనుమతి అక్కరలేదు అని 2018 డిసెంబరులో యూరపు న్యాయస్థానం చెప్పింది. మనసు మారలేదు. చివరకు 2020 జనవరి 31న బయటపడ్డారు. ఓటు వేసిననాటినుంచి మూడున్నరేళ్లు! మధ్యలో ప్రధానులు మారారు, మంత్రులు మారారు, ప్లీడర్లు మాత్రం బాగుపడ్డారు. ఈ చివరిమాట మా ప్లీడరుగారిదే. కొంచెం అసూయతో అన్నారని నా అనుమానం.

అమెరికా కథ యింకో రకం. కెనడా, మెక్సికోలతో వున్న నాఫ్టా ఒప్పందంలో, ఆరు నెలలు ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి ఎవరైనా పోవచ్చునని వుంది. 2017లో అధ్యక్షుడు ట్రంపు పోతాను పోతానని బెదిరించారు. అధ్యక్షుడు ఒక్కడే నోటీసిస్తే చాలునా, విదేశీ వాణిజ్యంమీద అధికారం రాజ్యాంగం కాంగ్రెసుకు యిచ్చింది గనక కాంగ్రెసు కూడా ఒప్పుకోవాలా అని అక్కడి పండితులు రెండుగా చీలి కాగితాలు నింపారు. పందెం తేలకముందే బెదిరింపు పని చేసింది. కొత్త ఒప్పందం రాసుకున్నారు, అది 2020 జులై 1న అమలుకొచ్చింది. అసలు ప్రశ్నకు జవాబు రానేలేదు.

ఇవన్నీ విన్న వియ్యంకులు ఒక మంచి మాట అడిగారు. "ఆరు నెలలు, రెండేండ్లు అంటా ఉండారే. మా కాయకు ఎన్నాళ్లు గడువిచ్చినారు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. పెద్ద దేశాలు కోపంతో విడిపోయేటప్పుడు కూడా ఎదుటివాడు సర్దుకోవడానికి నెలలు యిస్తాయి. తోతాపురి కోత అంతా కలిపి ఆరేడు వారాలు. కాయ ముదిరిన తర్వాత దారి మూసుకుంటే, ఆ రైతుకు సర్దుకునేందుకు మిగిలేది చెట్టు నీడ ఒక్కటే. నన్నడిగితే, ఉత్తర్వు తప్పా ఒప్పా అన్నదానికన్న ఈ గడువు సంగతే నాకు ఎక్కువ అన్యాయంగా కనిపించింది. ఏప్రిల్లోనే చెప్పివుంటే వియ్యంకులు కృష్ణగిరి ఫ్యాక్టరీలవైపు చూసుకునేవారు, లేదా పచ్చికాయగానే కొంత అమ్మేసేవారు.

ఆ మాటే అంటే బావమరిది నావైపు గుర్రుగా చూశాడు. చేబదులు యింకా యివ్వలేదు గనక చూపుతో సరిపెట్టుకున్నాడు.

ఇంతలో మా ఆవిడ పకోడీలు తెచ్చింది. వాటితోపాటు చర్చ ఊరు దాటి సముద్రం మీదికి పోయింది. బావమరిది ఒకటి నోట్లో వేసుకుని, "అక్కా, ఇది చెనిక్కాయ నూనె కాదే" అన్నాడు. కాదు, పామాయిలు. అతని తండ్రి, అంటే మా మామగారు, మామిడి పెట్టకముందు ఆ ఆరెకరాల్లో వేసింది చెనిక్కాయలే. వానలు నమ్మించి మోసం చేశాయి, నూనెకు గిరాకీ తగ్గింది, 1990లలో మామిడి మొక్కలు నాటారు. మా జిల్లాలో చాలా తోటల జాతకం యిదే.

"ఇండోనేషియా, మలేషియా నూనె వచ్చి మా చెనిక్కాయను తినేసింది. ఆ ఒప్పందంలోనుంచి గదా బయటికి రావాల్సింది!" అన్నాడు.

ప్లీడరుగారు ఇక్కడ కూడా అడ్డుపడ్డారు. ఆసియాన్ దేశాలతో సరుకుల ఒప్పందం 2009 ఆగస్టు 13న బాంకాకులో సంతకమైంది, 2010 జనవరి 1న అమలులోకి వచ్చింది. పామాయిలుమీద సుంకం ఒక్కసారిగా ఎత్తేస్తామని అందులో లేదు. 2019 నాటికి ముడినూనెకు 37.5 శాతం, శుద్ధిచేసినదానికి 45 శాతం దాకా దించుతామని మాత్రమే వుంది. కానీ ఆ ఒప్పందం పుట్టకముందే, 2008లో ధరలు మండిపోతుంటే మన ప్రభుత్వమే ముడినూనెమీద సుంకాన్ని సున్నా చేసింది. పట్నంలో పకోడీ తినేవాడికి అది మేలు. అది అతని ఓటు. "తలుపు నీ యింటివాళ్లే తీసిపెట్టి, తాళంచెవి ఒప్పందంలో వుందంటే ఎట్లా?" అన్నారు.

ఒప్పందంలో వుంటూనే బయటికి పోయే విద్య కూడా మనకు తెలుసు. 2020 జనవరి 8న కేంద్రం శుద్ధిచేసిన పామాయిలును అనుమతి లేనిదే దిగుమతి కారాదన్న జాబితాలో చేర్చింది. మలేషియా ప్రధాని మహతీర్ కశ్మీరు గురించి నోరు జారిన కొన్నాళ్లకు జరిగిన పని అది. ఆదేశంలో ఏ దేశం పేరూ లేదు. నోటీసూ లేదు, ఆరు నెలలూ లేవు. చిత్తూరు చెక్‌పోస్టుకు యిది పెద్దన్న అనుకోవచ్చు.

మరి మనదేశం ఒక ఒప్పందంలో చేరాలన్నా, పోవాలన్నా ఎవరినడగాలి? ఇది నేనడిగిన ప్రశ్న. ఎవరినీ అడగనక్కరలేదట! విదేశాలతో ఒడంబడికలు కేంద్ర జాబితాలో 14వ అంశం. సంతకం కేంద్ర మంత్రివర్గానిది. చట్టం మార్చవలసి వస్తేనే పార్లమెంటు దగ్గరికి పోవాలి. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో వుంది, చిత్రమేమిటంటే అక్కడ కూడా అది 14వ అంశమే. రెండు పద్నాలుగులూ ఎదురెదురుగా కూర్చుని వున్నాయి గానీ ఒకదానినొకటి పలకరించుకోవాలన్న నియమం లేదు. ఆసియాన్ ఒప్పందమప్పుడు కేరళవాళ్లకు కడుపుమండి, 2009 అక్టోబరు 2న కాసరగోడు నుంచి తిరువనంతపురం దాకా మనుషులు చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడ్డారు. రబ్బరు, మిరియాలు, కొబ్బరి వాళ్ల భయం. ఒప్పందం ఆగలేదు.

పదేళ్ల తర్వాత గాలి మారింది. చైనా, జపాను, ఆస్ట్రేలియా, న్యూజిలాండులతో సహా పదహారు దేశాలు కలిసి రాసుకుంటున్న ఆర్‌సెప్ అనే ఒప్పందంలో మనం చేరబోమని ప్రధాని మోదీ 2019 నవంబరు 4న బాంకాకులోనే చెప్పి వచ్చారు. న్యూజిలాండు పాలపొడి వస్తే మన పాడి ఏమవుతుందన్న గోల దేశమంతా లేచింది. మా జిల్లాలో ఆవు లేని యిల్లు వెతకాలి. సహకార రంగంలో నడిచిన చిత్తూరు డెయిరీ 2002లో మూతపడ్డా పాలు పోయడం మాత్రం ఆగలేదు. అప్పుడు ఆ వార్త విని సంతోషించినవాళ్లలో మా బావమరిదీ వున్నాడు, వియ్యంకులూ వున్నారు. మిగతా పదిహేను దేశాలు 2020లో సంతకాలు చేసుకున్నాయి. మనం సంతకమే పెట్టలేదు గనక అందులోంచి పోవడానికి నోటీసు అక్కరలేదు, కోర్టు అక్కరలేదు. "గుమ్మం తొక్కకముందే వెనక్కి తిరిగినవాడికి ప్లీడరు ఖర్చు వుండదు" అన్నారు మా పెద్దమనిషి, ఈ సారి నిజంగా విచారంగా.

"అంటే న్యూజిలాండు పాలు రాకూడదు, కోలారు కాయ రావాల. అట్లనా?" అన్నాడు బావమరిది. అతనిలో ఇంత తర్కం వుందని నాకు తెలియదు.

వియ్యంకులు నెమ్మదిగా అన్నారు. "నీకు రెండెకరాలు టమాటా ఉంది గదప్పా. మొన్న కార్తీకంలో ఎక్కడ వేస్తివి?"

బావమరిది పకోడీ నమిలాడు. ఆ టమాటా కోలారు మండీకి పోయింది. అక్కడ ఆ వారం పెట్టెకు ధర ఎక్కువ పలికింది. వియ్యంకుల పెద్దకొడుకే దగ్గరుండి పాట పాడించి, డబ్బు పంపించాడు. ఆ సంగతి నాకూ తెలుసు, మా ఆవిడకూ తెలుసు. బావమరిది చాలాసేపు మనవడి తల నిమిరి, "అది వేరే సంగతి" అన్నాడు. గొంతులో బలం లేదు.

ఈ తగాదా కోర్టులో తేలలేదు, డబ్బుతో సర్దుబాటైంది. కర్ణాటకలో పండిన తోతాపురిలో 2.5 లక్షల టన్నుల దాకా ధర తరుగును భరిస్తామని కేంద్రం ఆ జూన్‌లోనే ఒప్పుకున్నది. అందులో సగం రాష్ట్రం పెట్టుకోవాలి. ఇటువైపు నాలుగు రూపాయల పథకం నడిచింది. జులై 9న ప్రతిపక్షంలో వున్న జగన్‌మోహనరెడ్డి బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వచ్చారు. ఆ రోజు అక్కడ కాయలకన్న పోలీసులు, పోలీసులకన్న జనం ఎక్కువ వున్నారని మా బావమరిది చెప్పాడు. ధర గురించి రెండు పక్షాలూ తిట్టుకున్నంతసేపు తన ట్రాక్టరు మళ్లీ ఒక పూట ఆగిపోయిందన్నది అతని ఫిర్యాదు.

రాష్ట్రాల మధ్య యిలాంటి తగాదాలు విని తీర్చడానికి ఒక సంస్థను పెట్టవచ్చునని రాజ్యాంగం 307వ అధికరణంలో రాసివుంది. సర్కారియా కమిషను కూడా అలాంటిది పెట్టమన్నది. ఇంతవరకు పెట్టలేదు. అందుచేత ప్రస్తుతానికి ఆ పని మా అరుగే చేస్తున్నదని ప్లీడరుగారి అభిప్రాయం. మజ్జిగ ఖర్చు మాత్రం కేంద్రమూ యివ్వదు, రాష్ట్రమూ యివ్వదు.

బావమరిదికి ఆ సాయంత్రం డబ్బిచ్చి పంపాను. బస్‌స్టాండు దాకా వియ్యంకులే తోడు వెళ్లారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగివచ్చి, "మీ బావమరిది మంచోడే. రెండు రాత్రిళ్లు ట్రాక్టరు కింద పండుకునేది తమాషా కాదు" అన్నారు. తన కాయలో సగం చెట్టు కిందనే రాలిపోతున్నదని ఆయనకు అప్పుడే కబురు వచ్చిందని మా అమ్మాయి తర్వాత చెప్పింది.

ఆ జులై చివర ఆయన ఫోను చేశారు. మా మనవడికి చెవులు కుట్టించే వేడుక తిరుపతిలోనే చేద్దామన్నారు. "చివరి కోత కాయలు నాలుగు మిగిలినాయి. ఆవకాయకు కాకపోయినా ఉప్పూకారానికి పనికొస్తాయి, ఒక పాతిక కారులో వేసుకొచ్చేదా? మీ చెక్‌పోస్టుకాడ ఏమన్నా అంటారా?" అని అడిగారు.

గోడ యివతలనుంచి ప్లీడరుగారిని కేకేసి, పాతిక కలెక్టరు కాయలు వాణిజ్యం కిందికి వస్తాయా, చుట్టరికం కిందికి వస్తాయా అని అడిగాను.

"కాయలు వచ్చాక చూసి చెబుతాను. ఫీజు పది కాయలు" అన్నారు.